డిమెన్షియా ఉన్న నాన్నగారు రాసిన గిఫ్ట్ డీడ్: కోర్టులో 19 మార్కులు చూపిస్తే సరిపోతుందా?

ఒక కూతురు పెట్టిన పోస్టుకి ఇది నా జవాబు. మిగతావాళ్లకు విషయం తెలియాలి కాబట్టి ముందు ఆమె ప్రశ్న క్లుప్తంగా చెప్తాను. ఆమె నాన్నగారికి 79 ఏళ్లు, ఆర్టీసీలో పనిచేసి రిటైరయ్యారు. అమ్మ పోయిన రెండు నెలలకే గుంటూరులో ఉన్న ఇల్లు పెద్దకొడుకు పేర గిఫ్ట్ డీడ్ అయిపోయింది. అంతకు ముందే న్యూరాలజిస్టు డిమెన్షియా మొదటి దశ అని రాశారు, జ్ఞాపకశక్తిని చూసే ఎంఎంఎస్ఈ అనే పరీక్షలో 30కి 19 వచ్చింది. ఇప్పుడు నాన్నగారు ఒకరోజు "నేనే ఇష్టపడి రాశానమ్మా" అంటున్నారు, ఇంకోరోజు "సంతకమా? నేనెక్కడా పెట్టలేదే" అంటున్నారు. ఆ 19 చూపించి డీడ్ కొట్టేయించవచ్చా, ఆయనకు మతిస్థిమితం లేదని సర్టిఫికెట్ ఎవరిస్తారు అన్నది ఆమె ప్రశ్న.

నేను క్లినికల్ సైకాలజిస్టుని. పెద్దవాళ్ల నిర్ణయ సామర్థ్యం పరీక్షించి రిపోర్టు రాయడం, దాని మీద లాయర్లు వేసే ప్రశ్నలకు బోనులో నిలబడి జవాబు చెప్పడం చాలాకాలంగా నా పనిలో భాగం. లాయరుని కాను కాబట్టి సెక్షన్ల సంగతి మీ లాయరుతో ఒకసారి సరిచూసుకోండి. నా జవాబు మాత్రం ముందే చెప్పేస్తున్నాను. మీరు వెతుకుతున్న సర్టిఫికెట్ కేసుకి పెద్దగా ఉపయోగపడదు. పైగా నాన్నగారికే అడ్డం తిరగొచ్చు. డీడ్ రాసిన రోజుల్లో ఆయన చుట్టూ ఏం జరిగిందో దాని మీద దృష్టి పెట్టండి.

ముందు ఆ 19 సంగతి. ఎంఎంఎస్ఈని 1975లో ఫోల్‌స్టీన్ దంపతులు, మెక్‌హ్యూ కలిసి తయారుచేశారు. ఆసుపత్రిలో మంచం పక్కన కూర్చుని పది నిమిషాల్లో జ్ఞాపకశక్తి, ఏకాగ్రత స్థూలంగా చూడటానికి అది. ఈరోజు తేదీ ఎంత, ఇది ఏ ఊరు, మూడు మాటలు చెప్తాను గుర్తుపెట్టుకోండి, వందలోంచి ఏడు తీసేస్తూ వెళ్లండి, ఒక వాక్యం రాయండి, ఈ బొమ్మ చూసి గీయండి, ఇంతే. ఆస్తి ఎవరికి ఇవ్వాలో తేల్చుకోగలరా అన్న ప్రశ్న అందులో ఎక్కడా లేదు. చదువు తక్కువైనవాళ్లకు మార్కులు ఎలాగూ తగ్గుతాయి. హర్యానాలోని బల్లభ్‌గఢ్ పల్లెల్లో పరిశోధకులకు ఇదే ఇబ్బంది ఎదురైతే చదువురానివాళ్లకు సరిపోయేలా ప్రశ్నలు మార్చి హిందీ రూపం ఒకటి తయారుచేశారు, 1995లో ప్రచురించారు. తెలుగులో అడెన్‌బ్రూక్స్ పరీక్ష అందుబాటులో ఉంది, ఎంఎంఎస్ఈ కంటే వివరంగా ఉంటుంది. మీ నాన్నగారికి ఏ భాషలో పరీక్ష పెట్టారు, ఆరోజు చెవి మిషన్ పెట్టుకున్నారా లేదా అన్నది రిపోర్టులో రాశారేమో చూడండి. చాలా రిపోర్టుల్లో ఈ రెండూ ఉండవు. ఎదుటి లాయరు మొదట అడిగేవి కూడా ఈ రెండే.

మార్కులకీ నిర్ణయానికీ ఎంత దూరం ఉంటుందో నేను చూసినవే రెండు చెప్తాను. గుర్తుపట్టడానికి వీల్లేకుండా వివరాలు మార్చాను. ఒక పెద్దావిడ, సంతకం రాదు, వేలిముద్రే. తేదీ తెలియదు, వందలో ఏడు తీసేయడం అంటే నవ్వేసింది, మార్కులు ఇరవై లోపే. పొలం గురించి అడిగితే మాత్రం కాలవ పక్క ఎకరం ఎవరికి, మెరక మీద డెబ్బై సెంట్లు ఎవరికి, చిన్నకూతురికి ఎందుకు ఎక్కువ, పెద్దోడికి పెళ్లప్పుడే ఎంత ముట్టింది, ఇలా రాస్తే రేపు ఎవరు అలుగుతారు, అన్నీ వరసగా చెప్పింది. వారం తర్వాత మళ్లీ అడిగితే అవే మాటలు. ఇంకొకాయన రిటైరైన పంతులుగారు, 27 మార్కులు, పద్యాలు గడగడా చదివారు. గిఫ్ట్ డీడ్ రాశారు కదా, ఇప్పుడు ఆ ఇల్లు ఎవరిది అని అడిగితే "నాదే, నేనున్నంతవరకూ నాదే, తర్వాత వాడిది" అన్నారు. అంటే ఆయన వీలునామా అనుకుంటూ గిఫ్ట్ డీడ్ మీద సంతకం పెట్టారు. గిఫ్ట్ రిజిస్టరైతే ఆరోజు నుంచే ఇల్లు తనది కాదని ఆయనకు తెలియనే తెలియదు. ఈ ఇద్దరిలో ఎవరికి సామర్థ్యం ఉన్నట్టు? మార్కులు చూస్తే జవాబు తలకిందులవుతుంది. మెదడు ముందు, పక్క భాగాలు దెబ్బతినే ఫ్రాంటోటెంపొరల్ రకం డిమెన్షియాలోనైతే ఇది ఇంకా స్పష్టం: మొదట్లో జ్ఞాపకశక్తి బాగానే ఉంటుంది, మంచిచెడ్డల అంచనా ముందు పోతుంది.

ఈ విషయంలో ఎక్కువగా వాడేది అమెరికాలో పాల్ యాపెల్‌బామ్ అనే సైకియాట్రిస్టు, థామస్ గ్రిస్సో అనే సైకాలజిస్టు కలిసి చేసిన పని. నిర్ణయ సామర్థ్యాన్ని వాళ్లు నాలుగుగా విడదీశారు. చెప్పింది అర్థం చేసుకోవడం, అది తన పరిస్థితికి ఎలా వర్తిస్తుందో గ్రహించడం, ఒకటి కాదని ఇంకోటి ఎందుకో బేరీజు వేసుకోవడం, చివరికి తన ఎంపిక ఏమిటో బయటికి చెప్పగలగడం. వైద్యానికి ఒప్పుకునే విషయంలో పుట్టిన పద్ధతి ఇది, తర్వాత మిగతా నిర్ణయాలకూ వాడుతున్నారు. పంతులుగారు మొదటిదాంట్లో బాగున్నట్టే కనిపించి రెండోదాంట్లో పడిపోయారు. ఒక నిర్ణయానికి ఉన్న సామర్థ్యం ఇంకోదానికి ఉండకపోవచ్చు. కూరగాయల డబ్బులు సరిగ్గా లెక్కపెట్టే మనిషి బ్యాంకు లోను కాగితం దగ్గర తికమకపడొచ్చు. అల్జీమర్స్ మొదటి దశలోనే ఇలాంటి క్లిష్టమైన డబ్బు లెక్కలు దెబ్బతింటాయని అలబామాలో డేనియల్ మార్సన్ బృందం చేసిన పరిశోధనలు చూపించాయి.

మన చట్టాలూ కొంచెం అటూ ఇటూగా ఇదే చెప్తాయి. కాంట్రాక్టు చట్టం 12వ సెక్షన్ ప్రకారం, మామూలుగా మతిస్థిమితం లేని మనిషైనా స్థిమితంగా ఉన్న వేళ ఒప్పందం చేసుకోవచ్చు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఇంకా సూటిగా చెప్పింది: మానసిక వ్యాధి ఉందని తేలినంత మాత్రాన, కోర్టు ప్రకటిస్తే తప్ప, మనిషిని మతిస్థిమితం లేనివాడిగా లెక్కించకూడదు. వీలునామాలకు ఇప్పటికీ ఉదహరించే ఇంగ్లండు తీర్పు 1870 నాటి బ్యాంక్స్ వర్సెస్ గుడ్‌ఫెలో. రాస్తున్నది ఏమిటో, తన ఆస్తి ఎంతో, తన మీద హక్కున్నవాళ్లు ఎవరో ఆ మనిషికి తెలుసా అన్నదే అందులో ముఖ్యం. కాబట్టి మీ ఫైల్లో ఉన్న డిమెన్షియా అనే మాట జడ్జిగారికి ఒక అనుమానం కలిగేలా చేస్తుంది, అంతవరకే.

ఇక నాన్నగారు మాట మార్చడం. మీకు ఇదే పెద్ద ఆధారంలా కనిపిస్తోంది, నాకు అలా కనిపించడం లేదు. సంతకం పెట్టిన సంగతి ఇప్పుడు గుర్తులేకపోవడం వేరు, పెట్టేటప్పుడు అర్థం కాకపోవడం వేరు. నిన్నటి భోజనం మర్చిపోయే మనిషి కూడా ఎవరంటే నమ్మకం, ఎవరి దగ్గర ఉండాలనుంది అన్నవి నిలకడగా చెప్పగలరని ఫైన్‌బర్గ్, విట్‌లాచ్ అనే ఇద్దరు పరిశోధకులు 2001లో చూపించారు. ఎంఎంఎస్ఈలో 13 నుంచి 26 మధ్య వచ్చినవాళ్లను వేర్వేరు రోజుల్లో అవే ప్రశ్నలు అడిగి చూశారు. మీ నాన్నగారిని అడగాల్సింది సంతకం గురించి కాదు. "ఇల్లు ఎవరికి ఇవ్వాలనుంది, ఎందుకు?" అని వేర్వేరు రోజుల్లో, మీరు కాకుండా బయటి మనిషి అడిగితే ఏం వస్తుందో చూడాలి.

ఇక్కడ ఒకటి గట్టిగా చెప్పాలి. మీరు ఫోనులో వీడియో తీశానని రాశారు, "అన్నయ్య బెదిరించాడు కదా నాన్నా?" అని అడిగితే ఆయన తలూపారని కూడా రాశారు. దయచేసి ఇంక ఒక్కటి కూడా తీయకండి. ప్రశ్నలో ఉన్న మాట మనిషి జ్ఞాపకాన్నే మార్చేస్తుందని ఎలిజబెత్ లాఫ్టస్ అనే సైకాలజిస్టు 1974లోనే చూపించారు. కార్లు గుద్దుకునే సినిమా ముక్క చూపించి ప్రశ్నలు అడిగారు. కార్లు "తగిలినప్పుడు" ఎంత వేగంలో ఉన్నాయి అన్నదానికి ఒక జవాబు వస్తే, "గుద్దుకుని నుజ్జయినప్పుడు" అన్నదానికి ఇంకా ఎక్కువ వేగం చెప్పారు. వారం తర్వాత అడిగితే సినిమాలో లేని పగిలిన అద్దాలు కూడా చూశామన్నారు కొందరు. వాళ్లు కాలేజీ పిల్లలు. జ్ఞాపకం బలహీనపడిన 79 ఏళ్ల మనిషి, ఎదురుగా ఏడుస్తూ కూతురు. ఆయన తలూపక ఏం చేస్తారు? మీ అన్నగారింట్లో కూడా ఇదే జరుగుతూ ఉంటుంది, అక్కడ అటువైపు తలూపుతారు. ఆ వీడియో కోర్టులో బయటికొస్తే ఒత్తిడి చేసింది కూతురే అని అనడానికి అటువైపువాళ్లకు మంచి అవకాశం.

సర్టిఫికెట్ నాన్నగారికి ఎలా అడ్డం తిరుగుతుందో చెప్తాను. ఇంగ్లండులో 2005 మెంటల్ కెపాసిటీ చట్టం కింద మనిషి బాగున్నప్పుడే, రేపు నా బుద్ధి పనిచేయకపోతే ఫలానా వాళ్లు చూసుకోవాలి అని పవర్ రాసిపెట్టుకోవచ్చు. మనకు అలాంటిది లేదు. మన పవర్ ఆఫ్ అటార్నీ అసలు మనిషికి మతిస్థిమితం పోతే అక్కడితో రద్దవుతుంది, కాంట్రాక్టు చట్టం 201వ సెక్షన్. నేషనల్ ట్రస్ట్ చట్టం ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యాలకు గార్డియన్‌ని ఇస్తుంది, డిమెన్షియా అందులో లేదు. మానసిక ఆరోగ్య చట్టంలో నామినీ ఉన్నాడు కానీ వైద్యం వరకే, ఆస్తికి కాదు. అందుకే చాలా కుటుంబాలు హైకోర్టులో రిట్ వేసి గార్డియన్‌షిప్ తెచ్చుకుంటున్నాయి. కోమాలో ఉన్నవాళ్ల విషయంలో కేరళ హైకోర్టు 2019లో ఇందుకు మార్గదర్శకాలు కూడా ఇచ్చింది. ఇప్పుడు మీరు ఆయనకు బుద్ధి పనిచేయదు అని కాగితం పుట్టిస్తే బ్యాంకువాళ్లు పెన్షన్ ఖాతా దగ్గర ఆపుతారు, రేపు ఆయన వీలునామా రాస్తానన్నా అదే కాగితం బయటికి తీస్తారు. అన్నిటికంటే ముఖ్యం, సీనియర్ సిటిజన్ల చట్టం కింద ఫిర్యాదు చేయాల్సింది మామూలుగా ఆయనే. ఒకచోట ఈయన మాటకు విలువ లేదని రాసిచ్చి, ఇంకోచోట ఈయన మాట వినండి అనడం కుదరదు.

మరి ఏది పనికొస్తుంది? కాంట్రాక్టు చట్టం 16వ సెక్షన్ చదవండి, లేదా మీ లాయరు చేత చదివించుకోండి. వయసు వల్లో, జబ్బు వల్లో, మానసిక శారీరక బాధ వల్లో తాత్కాలికంగానైనా బుద్ధి బలం తగ్గిన మనిషితో లావాదేవీ చేసినవాడు ఆ మనిషిని లొంగదీసుకోగల స్థానంలో ఉన్నట్టే అని చట్టం అంటుంది. లావాదేవీ చూడగానే అన్యాయంగా కనిపిస్తే, ఒత్తిడి చేయలేదని రుజువు చేసుకునే భారం రాయించుకున్నవాడి మీద పడుతుంది. గిఫ్టులకూ ఇదే వర్తిస్తుందని సుప్రీంకోర్టు 1967లో సుభాష్ చంద్ర దాస్ ముషిబ్ కేసులో చెప్పింది. అదే తీర్పులో ఇంకోటి కూడా ఉంది, అది మీకు నచ్చదు: తండ్రి ముసలివాడు, తీసుకున్నది సొంతవాళ్లు అన్నంత మాత్రాన ఒత్తిడి జరిగిందని అనుకోకూడదు, ముందు ఆ పట్టు ఉందని చూపించాలి.

ఆ పట్టు ఎలా ఉంటుందో సైకాలజీ బాగా చెప్పగలదు. మార్గరెట్ సింగర్ అనే అమెరికన్ సైకాలజిస్టు మొదట మతగురువుల గుంపుల్లో చిక్కుకున్నవాళ్ల మీద పనిచేసి, తర్వాత ఆస్తులు పోగొట్టుకున్న వృద్ధుల్లో అవే గుర్తులు చూశారు. మనిషిని మిగతావాళ్ల నుంచి వేరుచేయడం, బయటివాళ్లంతా నీ మీద కుట్ర చేస్తున్నారని నమ్మించడం, తిండి నుంచి మందుల దాకా తన మీదే ఆధారపడేలా చేయడం, నీవల్ల ఏమీ కాదనిపించడం, భయం, అసలు ఏం జరుగుతోందో తెలియనివ్వకపోవడం. కాలిఫోర్నియా 2014 నుంచి అమల్లోకి వచ్చిన చట్టంలో ఇలాంటి వాటినే నాలుగుగా కూర్చింది: బాధితుడి బలహీనత, ఎదుటివాడికున్న అధికారం, అతను వాడిన ఎత్తులు, చివరికి జరిగింది న్యాయంగా ఉందా లేదా. చివరిది ఒక్కటే ఉంటే చాలదని కూడా ఆ చట్టమే చెప్తుంది.

మీ పోస్టులో ఈ వివరాలు ఒక్కో వాక్యంగా చెదిరి ఉన్నాయి. మీరు వాటిని పెద్దగా పట్టించుకోలేదు, నాకైతే 19 కంటే అవే బరువుగా అనిపించాయి. అమ్మ పోయాక పదిహేను రోజులకే ఆయన్ని విజయవాడ తీసుకెళ్లిపోయారు. పాత ఫోను సిమ్ము మారింది, మీరు చేస్తే వదిన ఎత్తి "పడుకున్నారు" అంటున్నారు. గుంటూరులో ఎప్పుడూ చూసే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లడం మానేశారు. డీడ్ మీద సాక్షులిద్దరూ అన్నగారి వైపువాళ్లే. స్టాంపు డ్యూటీ అన్నగారి ఖాతాలోంచి పోయింది. ఇవన్నీ తేదీలతో ఒక కాగితం మీద వరసగా రాయండి. ఈసీ (ఆ ఇంటి మీద రిజిస్టరైన లావాదేవీల జాబితా), డీడ్ నకలు తీయించండి, కాల్ వివరాలు మీ ఫోనులో ఉన్నంతవరకు దాచండి, ఆసుపత్రి ఓపీ చీటీలు తేదీలవారీగా పెట్టండి. అమ్మ పోయిన నెలల్లో ఆయన నిద్ర, తిండి ఎలా ఉన్నాయో ఇరుగుపొరుగుకు తెలిసి ఉంటుంది. కొత్తగా భార్యను పోగొట్టుకున్న మనిషికి ఎవరు పక్కన కూర్చుంటే వాళ్లే లోకం. చట్టంలో "మానసిక బాధ" అన్న మాట ఇలాంటి వేళ కోసమే.

సబ్ రిజిస్ట్రారు అడిగారు కదా, ఆయన అవునన్నారు కదా అని అటువైపు తప్పకుండా అంటారు. జనం మధ్య, కెమెరా ముందు "ఇష్టపూర్వకంగానే రాస్తున్నారా?" అంటే "ఆ" అనని పెద్దమనిషిని నేను చూడలేదు. అవును కాదుల ప్రశ్న సామర్థ్యాన్ని చూపించదు. "ఈ కాగితం వల్ల ఏం జరుగుతుందో మీ మాటల్లో చెప్పండి" అంటేనే తెలుస్తుంది. మన ఆఫీసుల్లో అలా అడిగే తీరిక ఎవరికీ లేదు, అది వేరే గొడవ.

దారులు రెండున్నాయి. ఒకటి సివిల్ కోర్టులో డీడ్ రద్దు దావా. సంగతి తెలిసిన మూడేళ్లలోపు వేయాలి, కాలం పడుతుంది. రెండోది 2007 సీనియర్ సిటిజన్ల చట్టం కింద ఆర్డీవో దగ్గరుండే ట్రిబ్యునల్. అక్కడ లాయరు పార్టీల తరఫున వాదించడానికి చట్టం ఒప్పుకోదు, ఖర్చూ తక్కువే. 23వ సెక్షన్ ప్రకారం, తనను చూసుకోవాలన్న షరతు మీద ఆస్తి ఇచ్చి, తీసుకున్నవాడు చూసుకోకపోతే, ఆ బదిలీ మోసంతోనో ఒత్తిడితోనో జరిగినట్టు లెక్కించి రద్దు చేయమని ఇచ్చినవారు కోరవచ్చు. ఆయన అడగలేని స్థితిలో ఉంటే ఆయన తరఫున నమోదైన స్వచ్ఛంద సంస్థ అడగొచ్చు. మెలిక షరతు దగ్గరే ఉంది. షరతు ఉన్నట్టు చూపించకపోతే ఈ సెక్షన్ వర్తించదని సుప్రీంకోర్టు 2022 డిసెంబరులో సుదేశ్ ఛికారా కేసులో చెప్పింది. 2025 జనవరిలో ఊర్మిళా దీక్షిత్ కేసులో, ఈ చట్టం పెద్దల మేలుకోసం వచ్చింది కాబట్టి ఉదారంగా చదవాలని చెప్పి తల్లికి ఆస్తి తిరిగి ఇప్పించింది. అందులో కొడుకు రాసిచ్చిన హామీపత్రం ఒకటుంది. మీ డీడ్‌లో "నన్ను పోషించవలసినది" లాంటి వాక్యం ఉందేమో చూడండి. డీడ్‌లో లేకపోయినా విడిగా ఏదైనా కాగితం, వాట్సాప్ మెసేజీ ఉంటే అదీ తీసిపెట్టండి. ఆయన్ని సరిగ్గా చూసుకుంటూనే ఉంటే మాత్రం ఈ దారి మూసుకుపోయినట్టే. వృద్ధుల హెల్ప్‌లైన్ 14567కి చేస్తే ట్రిబ్యునల్ దరఖాస్తు ఎలా పెట్టాలో చెప్తారు.

పరీక్ష చేయించాలనే ఉంటే ఎలా చేయించాలో చెప్తాను. ముందు బీ12, థైరాయిడ్, సోడియం, మూత్రంలో ఇన్ఫెక్షను చూపించండి, డిప్రెషన్ ఉందేమో సైకియాట్రిస్టును అడగండి. ఇవి సరిచేస్తే 19 ఉన్నది పెరిగినా ఆశ్చర్యం లేదు. పొద్దున పూట అపాయింట్‌మెంట్ తీసుకోండి. వృద్ధుల జ్ఞాపకం సాయంత్రం కంటే పొద్దున బాగుంటుందని సింథియా మే, లిన్ హాషర్ అనే పరిశోధకులు 1993లో చూపించారు. డిమెన్షియా ఉన్నవాళ్లకైతే పొద్దు వాలాక కంగారు ఇంకా పెరుగుతుంది. చెవి మిషన్, కళ్లజోడు మర్చిపోవద్దు. తీసుకెళ్లే దారిలో "జ్ఞాపకం పరీక్ష నాన్నా, జాగ్రత్త" అనకండి, ఆ టెన్షన్‌కే మార్కులు తగ్గుతాయి, థామస్ హెస్ అనే సైకాలజిస్టు పరిశోధన దీని మీదే. గదిలో మీరూ ఉండొద్దు, మీ అన్నగారూ ఉండొద్దు. వీలైతే ఇద్దరూ ఒప్పుకున్న ప్రభుత్వ ఆసుపత్రిలో చేయించండి, ఒక పక్షం డబ్బిచ్చి తెచ్చుకున్న రిపోర్టును నేనైనా అనుమానంగానే చదువుతాను. డాక్టరుకి "మతి ఉందా లేదా" అని రాసివ్వకండి. "ఇల్లు గిఫ్టుగా ఇవ్వడం అంటే ఏమిటో ఆయనకు తెలుసా, ఇస్తే తను ఎక్కడ ఉండాలో ఆలోచించారా, ఇతరుల మాటకు ఎంత తొందరగా లొంగుతున్నారు" అని అడగండి. ఆరోజు ఎలా ఉన్నారో ఈరోజు పరీక్ష నేరుగా చెప్పదు. దానికి డీడ్ తేదీకి ముందూ వెనకా ఉన్న ఓపీ చీటీలు, బ్యాంకు సంతకాలు కలిపి చూడాలి.

చివరగా మీరు అడగనిది ఒకటి. బయటి మనిషి, పొద్దున పూట, ఒంటరిగా, రెండు మూడు సార్లు అడిగినా ఆయన "పెద్దోడికే ఇవ్వాలనుంది, అమ్మాయికి పెళ్లప్పుడు ఇచ్చాను, వాడే నన్ను చూస్తున్నాడు" అనొచ్చు. అది మీకు అన్యాయంగా అనిపించొచ్చు, కానీ అది సామర్థ్యం లేని మాట కాదు. అప్పుడు కేసు గిఫ్ట్ మీద కాకుండా ఆయన్ని కలిసే వీలు, ఆయన మందులు, ఆ ఇంట్లో ఆయనకు బతికున్నంతకాలం ఉండే హక్కు, వీటి మీద నడపమని మీ లాయరుతో చెప్పండి. మీ అన్నగారు కూడా వీటికి కాగితం రాసివ్వడానికి ఒప్పుకునే అవకాశం ఉంది. దావా నోటీసు వెళ్లకముందే అడిగి చూడండి.